పావుకోళ్ళ ఎత్తు లెక్కకు రాని పునర్నిర్మాణం

కనుమరుగైన పాత కర్మాగారాలను కంప్యూటర్‌లో మళ్ళీ నిలబెట్టాలని మనస్ఫూర్తిగా కోరుకునేవారిలో నేనూ ఒకడిని. అందుకే, నేను చూసిన అటువంటి ప్రయత్నాల్లో చాలా భాగం బయటి గోడల దగ్గర మొదలై అక్కడే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తోంది. ఇటుక రంగు, కిటికీల వరుస, పైకప్పు వాలు ముచ్చటగా కుదురుతాయి. తలుపు దాటితే మాత్రం ఖాళీ హాలు ఎదురవుతుంది. కర్మాగారం విషయంలో ఇది తలకిందుల పద్ధతి. అక్కడ ముందు పుట్టేది యంత్రం, దాని కొలతను బట్టి లేచేది గోడ.

ఇంగ్లండ్‌లోని డెర్బీలో, డెర్వెంట్ నది ఒడ్డున, లోంబ్ సవతి సోదరుల పేరుతో 1721 నాటికి పూర్తయిన పట్టు మిల్లునే తీసుకుందాం. అయిదంతస్తుల ఆ భవనాన్ని 1910లో అగ్నిప్రమాదం దెబ్బతీసిన తరువాత, అదే చోట మూడంతస్తులే తిరిగి కట్టారు. 2021 నుంచి అందులో ‘మ్యూజియం ఆఫ్ మేకింగ్’ నడుస్తోంది. తొలి మిల్లు నుంచి మనకు మిగిలినవాటిలో ముఖ్యమైనవి పునాదిలోని రాతి కమానులు. పాత చిత్రాలు ముందు పెట్టుకుని ఆ కమానుల మీద గోడలు లేపడం అంత కష్టమేమీ కాదు.

కష్టమంతా లోపల ఉంది. జార్జ్ సోరోకోల్డ్ అనే ఇంజనీరు అమర్చిన నీటిచక్రమే మిల్లంతటికీ శక్తినిచ్చేది. పట్టు దారానికి పురిపెట్టే ఇటలీ తరహా గుండ్రటి యంత్రాలు కింది రెండంతస్తులనూ ఆక్రమించేవి, దారాన్ని కండెలకు చుట్టే యంత్రాలు పై మూడింటిలో నడిచేవి. రెండంతస్తుల ఎత్తున నిలిచిన యంత్రం ఉన్నచోట ఆ రెండంతస్తుల నడుమ నేలను నిండుగా పరిచినట్టు గీస్తే, ఆ గీతలో యంత్రానికి చోటే ఉండదు. దూలాలు ఎక్కడ ఆగాయి, ఇరుసు ఏ దారిన పైకి వెళ్ళింది, తెగిన దారాన్ని అతికే మనిషి ఎక్కడ నిలబడ్డాడు అన్న ప్రశ్నలకు జవాబు వెతికిన తరువాతే కిటికీల జోలికి వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం.

ఆధారాలు లేవనడం సరికాదు. 1718లో థామస్ లోంబ్ పొందిన పేటెంటు ఉంది. అంతకు వందేళ్ళ ముందే, 1607లో, ఇటలీలో అచ్చయిన విట్టోరియో జోంకా యంత్రాల పుస్తకంలో పురియంత్రపు బొమ్మ ఉంది. అన్నిటికంటే నన్ను కదిలించేది విలియం హట్టన్ జ్ఞాపకం. తరువాతి కాలంలో చరిత్రకారుడైన ఆయన, 1730లో ఏడేళ్ళ వయసులో ఈ మిల్లులో పనికి కుదిరాడు. యంత్రం అందనంత పొట్టిగా ఉన్నందున కాళ్ళకు ఎత్తు పావుకోళ్ళు కట్టారని ఆయనే రాసుకున్నాడు. ఒక పిల్లవాడి దేహం మనకిచ్చిన కొలత అది. వాస్తుశిల్పి గీసిన ఏ పటంలోనూ ఉండదు.

ఊహ లేకుండా ఇటువంటి పని సాగదని నాకు తెలుసు. అయితే ఊహించిన దూలాన్నీ, ఆధారమున్న కమానునూ ఒకే రంగులో, ఒకే మెరుపుతో చూపడం నేను ఒప్పుకోలేను. ఏ నిర్ణయం దేని ఆధారంగా తీసుకున్నారో నమోదు చేయాలని కంప్యూటర్‌లో చేసే ఇటువంటి పునర్నిర్మాణాలకు నియమావళిగా 2006లో వెలువడిన లండన్ చార్టర్ స్పష్టంగానే కోరింది. మాయమైన భవనం తిరిగి వచ్చి మనల్ని సరిదిద్దలేదు కాబట్టి ఆ నమోదు చిత్రంలోనే కనబడాలి. డెర్బీ మిల్లును ఎవరైనా మళ్ళీ గీస్తే, మొదటి పటంలో ఆ యంత్రమూ, దాని పక్కన పావుకోళ్ళ మీద నిలబడిన ఏడేళ్ళ పిల్లవాడూ ఉండాలి. అయిదంతస్తుల గోడలు ఆ తరువాత వారి చుట్టూ లేవాలి.