పడవ దాటిపోయే ఆ పచ్చటి దీవి

వేసవి వచ్చిందంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు. జెట్‌లాగ్ తీరీ తీరకముందే వాళ్లను ఫిషర్‌మన్స్ వార్ఫ్‌కు తీసుకెళ్లి బే క్రూజ్ ఎక్కించడం ఆనవాయితీ అయిపోయింది. మంచి ఆనవాయితీయే. జూలైలో కూడా ఆ నీళ్ల మీద గాలి వణికిస్తుంది. చీర మీద కొడుకు జాకెట్ తొడుక్కుని అమ్మ రెయిలింగ్ దగ్గరే నిలబడుతుంది. పడవ గోల్డెన్ గేట్ వంతెన కిందికి చేరేసరికి ఫోన్లన్నీ పైకి లేస్తాయి. 1937లో ప్రారంభమైన ఆ వంతెన రెండు టవర్ల నడుమ దూరమే 1,280 మీటర్లు. అదెంత పెద్దదో కింద నుంచి తలెత్తి చూస్తేనే తెలుస్తుంది.

తిరుగు దారిలో ఆల్కట్రాజ్ దీవి. 1963లో మూతపడిన ఆ జైలు కథ అందరికీ తెలిసిందే. అక్కడి నీళ్ల ట్యాంకు మీద ఎర్ర అక్షరాలు మాత్రం తప్పక చూడాలి. 1969 నవంబరు నుంచి 1971 జూన్ వరకు ఆ దీవిలో బైఠాయించి, ఈ నేల మాదని నిలబడ్డ అమెరికా మూలవాసుల రాతలవి. ట్యాంకు బాగుచేసినప్పుడు ఆ రాతలు చెరిపేయలేదు, మళ్లీ రాయించారు. అది మెచ్చుకోవలసిన పని.

మా బాధల్లా ఆ పక్కనే కనిపించే పచ్చటి దీవి గురించి. దాని పేరు ఏంజెల్ ఐలాండ్. 1910 నుంచి 1940 వరకు పసిఫిక్ దాటి వచ్చిన ఆసియావాసులను ఆపి ప్రశ్నించింది అక్కడే. చైనీయులను వారాలు, కొందరినైతే నెలల తరబడి నిర్బంధించారు. వాళ్లు చెక్క గోడల మీద చెక్కిన కవితలు నేటికీ ఉన్నాయి. మనవాళ్లూ అక్కడ దిగారు. ఎక్కువగా పంజాబీ రైతులు. ప్రభుత్వానికి భారమవుతారనో, కడుపులో కొంకిపురుగులున్నాయనో చెప్పి ఎందరినో వెనక్కి పంపేశారు. ఆసియాలో చాలా ప్రాంతాల నుంచి వలసలను నిషేధించిన 1917 చట్టం వచ్చాక దారి దాదాపు మూసుకుపోయింది. బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుకు పిలుపునిచ్చిన గదర్ ఉద్యమ పత్రిక 1913లో వెలువడింది శాన్‌ఫ్రాన్సిస్కో నుంచే. ఆ ఉద్యమంలో మన తెలుగువాడు దర్శి చెంచయ్య కూడా ఉన్నారు. వీసా స్టాంపింగ్ టెన్షన్ ఎరిగిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఇది సొంత చరిత్రే.

మామూలు క్రూజ్ దారిలో ఆ నిర్బంధ భవనాలు కనిపించవు. అవి దీవికి అవతలి వైపున ఉన్నాయి. అందుకే పడవలో వినిపించే వ్యాఖ్యానంలో ఈ కథకు రెండు నిమిషాలైనా ఇవ్వాలని నిర్వాహకులను కోరుతున్నాం. వేసవి సంబరాలకు లక్షలు ఖర్చుపెట్టే తెలుగు సంఘాలు ఏడాదికి ఒక్కసారైనా పిల్లలను, పెద్దలను ఆ దీవికి తీసుకెళ్లాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచీ, దీవికి దగ్గరున్న టిబురాన్ ఊరి నుంచీ ఫెర్రీలు ఉన్నాయి. నిర్బంధించిన బ్యారక్ ఇప్పుడు మ్యూజియం. రేవు నుంచి అక్కడికి ఎత్తుపల్లాల నడక తప్పదు కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఏ ఏర్పాటు ఉందో బయల్దేరే ముందే కనుక్కోండి.