మహారాజశ్రీ పూపూ పాట గారికి

మహారాజశ్రీ పూపూ పాట గారికి, విశాఖపట్నం మద్దిలపాలెం నుంచి ఒక నాలుగేళ్ళ పిల్ల తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

కుశలం అని మర్యాద కోసం రాశాను. ఈ ముక్క రాస్తుండగా పక్క గదిలో, ఫోన్‌లో, పిల్లల ఇంగ్లీషు పాటగా మీరు ఇవాళ్టికి పదకొండోసారి మోగుతున్నారు. ఎలుగుబంటి పిల్ల ఒకటి పాటీ మీద, అదే, పిల్లలు రెంటికి కూర్చునే పీట మీద కూర్చుని మొహం ఎర్రగా చేసుకుని ముక్కుతుంది. పెళ్ళి బ్యాండులో బాకా వాడు తాగొచ్చి ఊదినట్టు ఒక చప్పుడొస్తుంది. మా అమ్మాయి సోఫా మీంచి కిందికి దొర్లి మరీ నవ్వుతుంది. ఆ చప్పుడు ఎప్పుడొస్తుందో దానికి ముందే తెలుసు. ఒక్క క్షణం ముందు ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి, నా వైపు చూసి కాచుకుంటుంది. ఆ చూపు కోసం నేనూ పదకొండుసార్లు అక్కడే నిలబడ్డాను. ఈ సంగతి మా ఆవిడకి చెప్పకండి.

మిమ్మల్ని మేం పిలవలేదు. పప్పన్నం నాలుగు ముద్దలు లోపలికి పోవాలని ఫోన్ చేతికిచ్చాం, అంతే. రంగుల పాటతో మొదలైంది. అది అయ్యాక పళ్ళ పాట. ఆ తర్వాతవి వాటంతటవే వస్తాయి కదా, నాలుగో ముద్దకి మీరు దిగారు. అన్నం దగ్గర ఆ పాటేంటి అని మా ఆవిడ ఫోన్ లాక్కోబోయింది. పిల్ల నోరంతా తెరిచి నవ్వింది. తెరిచిన నోరు చూసి ఏ తల్లి ఊరుకుంటుంది? ముద్ద పెట్టేసింది. ఆ రోజు నుంచి మీరు మా ఇంట్లో మనిషి.

అంతకుముందు దీనికి ఇంగ్లీషు నేర్పడానికి మేం పడ్డ పాట్లు మీరు చూడాల్సింది. బొమ్మల అట్టముక్కల సెట్టు ఒకటి కొన్నాం. ఐ అంటే ఇగ్లూ అట. విశాఖలో మే నెల ఉక్కకి మెడ కింద రాసిన పౌడరు ముద్దకట్టిపోతున్న పిల్లని కూర్చోబెట్టి, అది మంచు ఇటుకలతో కట్టిన ఇల్లని చెప్పాను. కరిగిపోదా అంది. వై అంటే యాక్. గేదె అంది. కాదన్నాను. గేదే అంది. ఎక్స్ అంటే జైలోఫోన్, దాన్ని నేను కూడా ఇంతవరకు కళ్ళారా చూడలేదు. ఇగ్లూ మా వీధికి ఎప్పటికీ రాదు. మీరు పాడే సరుకు మాత్రం రోజూ పొద్దున్నే, జీర్ణం బాగుంటే రెండుసార్లు, మా ఇంట్లోనే ప్రత్యక్షమవుతుంది. అట్టముక్కలు అచ్చేసేవాళ్ళకి తట్టని ఈ చిన్న విషయం మీకు తట్టింది చూడండి, అక్కడ మీకు దండం పెట్టాలి.

ఇంకో దండం ఉచ్చారణకి. ఇంగ్లీషు వాళ్ళు మాట మొదట్లో 'ప' పలికితే దానితో పాటు గాలి వదులుతారు. మన 'ప'కి ఆ గాలి ఉండదు. నోటి ముందు సన్న కాగితం ముక్క పట్టుకుని 'పాప' అనండి, ఊరికే అలా వేలాడుతుంది. వాళ్ళలా 'పూప్' అంటే ఎగరాలి. మొన్న రాత్రి కరెంటు బిల్లు చింపి ఇంటిల్లిపాదీ పరీక్షకి కూర్చున్నాం. నాది కదల్లేదు. ఎమ్మెస్సీ చదివిన మా ఆవిడది కొద్దిగా వణికింది. పిల్లది వెళ్ళి పప్పు గిన్నెలో పడింది.

'ప'కీ 'ఫ'కీ తేడా కూడా మీరే నేర్పారు. పార్ట్ అంటే భాగం, ఫార్ట్ అంటే మీ ఎలుగుబంటి పిల్ల చేసే చప్పుడు. దాని ఖర్చు మాత్రం నా మీద పడింది. నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో పని చేస్తాను. మా లైన్లో కస్టమర్‌ని పార్టీ అంటాం, లారీ నిండా కాకుండా కొంత సరుకే పంపితే పార్ట్ లోడ్ అంటాం. ఒక ఆదివారం ఇంట్లోంచే ఫోన్‌లో ఒకాయనకి చెబుతున్నాను, "సార్, నిన్న ఒక పార్ట్ పంపాం, ఇవాళ రాత్రికి ఇంకో పార్ట్ వదులుతాం" అని. వెనక నుంచి కేక. "అమ్మా! నాన్న ఫార్ట్ వదుల్తాడంట!" ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎంతో మర్యాదగా, సోమవారం మాట్లాడుకుందాం లెండి అని పెట్టేశాడు. ఈ రోజుకీ ఆయనకి పార్ట్ లోడ్ అని చెప్పలేక, సగం లారీ అంటున్నాను.

ఆ కోపంతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. సగం కాగితం తిట్లు రాశాక మా బడి గుర్తొచ్చి చింపేశాను.

నేను చదివింది అనకాపల్లి దగ్గర ఒక పల్లెటూరి బడిలో. చిటికెన వేలు చూపిస్తే ఒంటికి, రెండు వేళ్ళు చూపిస్తే రెంటికి. అదే మా భాష, మేష్టారికి నోరు విప్పక్కర్లేకుండా అర్థమయ్యేది. ఐదో తరగతిలో కొత్త మేష్టారు వచ్చి వేళ్ళు దించమన్నారు, ఇంగ్లీషులో అడిగితేనే పంపుతానన్నారు. అలా నేను జీవితంలో నేర్చిన మొట్టమొదటి ఇంగ్లీషు వాక్యం "మే ఐ గో టు టాయిలెట్ సార్". మేం దాన్ని ఒకే మాటగా, మేగోటుటాయ్‌లెట్సార్ అని, కాళ్ళు పెనవేసుకుని చెప్పేవాళ్ళం. మే అంటే వేసవి సెలవుల నెల అనుకునేవాణ్ణి, ఆ నెల వస్తేగానీ పంపరేమోనని భయం కూడా వేసేది. టాయిలెట్ అనే గది మా బడిలో లేదు. వెనక ప్రహరీ గోడ ఉండేది. మీరు ఎవర్నైనా అడిగి చూడండి, నా వయసు వాళ్ళందరికీ ఇంగ్లీషు ఆ గోడ దగ్గరే పరిచయం. కాకపోతే మాకది భయంతో వచ్చింది, నవ్వుతో రాలేదు.

2019లో ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం అని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. టీవీల్లో ఎంత యుద్ధం జరిగిందో! మా ఇంట్లో మీడియం మీరు. మిమ్మల్ని ఒక్క చర్చకి పిలవలేదు.

ఇక మీ వల్ల జరిగిన అసలు రభస చెబుతాను. మొన్న శ్రావణంలో కూర్మన్నపాలెంలో మా చుట్టాల గృహప్రవేశం. బంతి భోజనాలు నడుస్తున్నాయి. పులిహోర అయింది, బూరెలు వడ్డిస్తున్నారు. బాబాయి వరస ఆయన ఒకాయన మా అమ్మాయిని కుర్చీ ఎక్కించి, ఏదీ ఇంగ్లీషు పాట పాడమ్మా అన్నారు. అది ఏం పాడుతుందో నాకు తెలుసు, ఆకు ముందు నుంచి లేవలేను. మొత్తం పాడింది. యాక్షన్‌తో సహా, ముక్కడంతో సహా. అందరూ చప్పట్లు. అబ్బ, ఆ పిల్ల ఇంగ్లీషు చూడండి, దొరసాని పలికినట్టు పలుకుతోంది అని పిన్ని మురిసిపోయింది. ఎదుటి బంతిలో ఒకావిడ, ఏ స్కూల్ అండీ అని అడిగింది కూడా.

చప్పట్లు పడితే నాలుగేళ్ళ పిల్ల ఆగుతుందా? మామ్మకి ఇంగ్లీషు రాదని దానికి తెలుసు. మామ్మ వైపు తిరిగి, అదే వరసలో, అదే పాట, అప్పటికప్పుడు తెలుగు చేసి అందుకుంది. మాటకి మాట సరిగ్గా పడింది, ఎక్కడా తడబడలేదు.

బంతి బంతంతా చేతులాపేసింది. బూరె ఒకాయన నోటి దాకా వెళ్ళి వెనక్కి ఆకులోకి వచ్చింది. పిన్ని "ఛీ ఛీ, శుభమా అని గృహప్రవేశం జరుగుతుంటే అవేం మాటలు" అంది. స్కూల్ పేరు అడిగినావిడ నీళ్ళ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. మా ఆవిడ పిల్లని కుర్చీ మీంచి దించి తొడపాశం పెట్టింది. అది ఏడవలేదు, ఆశ్చర్యపోయింది. అదే పాట కదా మరి. మామ్మ ఒక్కతే పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వుతోంది. "ఏటర్రా, అలా బిగుసుకుపోయారేటి? ఇన్నాళ్ళకి నాకు అరదమయ్యే పాట పాడింది గుంట!"

చూశారా, మీ మాట ఈ ఉత్తరంలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మా మాట ఒక్కసారి రాయడానికి చెయ్యి రావడం లేదు. అక్షరాలు రావని కాదు. మా శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పడానికి ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. నోటి మాటకి కాగితం మీద చోటు కావాలని పోరాడారు. చోటు దొరికింది. ఆ ఒక్క మాట మాత్రం ఇంకా గుమ్మం బయటే ఉంది, చెంబు పట్టుకుని.

అసలు ఆ చోటుకి మేం ఎన్ని పేర్లు మార్చాం! తాతలు బహిర్భూమికి వెళ్ళారు. తర్వాతి వాళ్ళు దొడ్డికి వెళ్ళారు. దొడ్డి అంటే పెరడు, పాపం దాని తప్పేమీ లేదు, అయినా కంపు కొట్టింది. ముందు మరుగు చేర్చి మరుగుదొడ్డి అన్నాం. అదీ కంపు కొట్టాక లెట్రిన్, ఆ పైన బాత్రూమ్, ఆ పైన టాయిలెట్, ఇప్పుడు సినిమాకెళ్తే వాష్‌రూమ్. వెళ్ళి చేసే పని అదే. ప్రతి తరానికీ ఒక పేరు ఫ్లష్ చేసేస్తున్నాం. మీ పూప్ ఇంకా కొత్తది కాబట్టి సెంటు వాసన వేస్తోంది. మా మనవలకి అది కూడా బూతవుతుంది, రాసి పెట్టుకోండి.

మీకు జపాన్‌లో చుట్టాలున్నారట కదా. అక్కడి ప్రాథమిక బడుల పిల్లలు నేర్చుకోవాల్సిన కంజీ అక్షరాలు 1006 ఉన్నప్పుడు, 2017లో ఒక ప్రచురణకర్త ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున 3018 ఉదాహరణ వాక్యాలు రాయించి, ప్రతి వాక్యంలోనూ మీ మాటనే తమ భాషలో పెట్టాడు. పుస్తకాలు లక్షల్లో అమ్ముడుపోయాయి. వాళ్ళు తమ అక్షరాలని, తమ పిల్లలకి, తమ మాటతోనే నేర్పుకున్నారు. మన దగ్గర ఎవరైనా 'ఱ' నేర్పడానికి అలాంటిది అచ్చేస్తే ఏమవుతుంది? నేనే మొదట ఖండన ప్రకటన ఇస్తాను.

ప్లే స్కూల్ నుంచి ఒక ఫిర్యాదు కూడా ఉంది. మేడమ్ గారు పి ఫర్ అని అడిగి ప్యారట్ కోసం చూస్తే, క్లాసు క్లాసంతా ఏం అరిచిందో మీకు వేరే చెప్పాలా? మీ పాపే మొదలెట్టిందండీ అన్నారు. సారీ చెప్పాను. ఇంటికొస్తూ కొంచెం గర్వపడ్డాను.

మీ వల్ల మేలు జరగలేదని అనను. ఫ్లష్ చప్పుడంటే దీనికి హడల్, చెవులు మూసుకుని హాల్లోకి పరిగెత్తేది. ఇప్పుడు గిన్నెలోకి వంగి చేయి ఊపి బై బై చెప్పి వస్తోంది. "వేర్ డిడ్ ఇట్ గో" అని మీరు పాడతారు కదా, అందులో 'డిడ్' వచ్చాక 'వెంట్' అనకూడదని నాకు డిగ్రీలో తెలిసింది. దీనికి ముడ్డి కడుక్కోవడం రాకముందే వచ్చేసింది.

పోయిన ఆదివారం బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి తీసుకెళ్ళాను. 1969 నుంచి 2001 దాకా నేవీలో పని చేసి, 2002లో ఒడ్డుకెక్కి మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవు, లోపల 75 మంది. వంగి వంగి నడవాలి. చూపించేవాళ్ళు నేవీలో రిటైరైన పెద్దాయనలే. టార్పెడోల గురించి ఒకాయన గంభీరంగా చెబుతున్నారు. మా అమ్మాయి ఆయన చొక్కా పట్టుకుని లాగి, స్పష్టంగా, గాలి వదిలి మరీ అడిగింది, "వేర్ డిడ్ ద పూప్ గో?" ఒక పరాయి మనిషితో అది మాట్లాడిన మొదటి పూర్తి ఇంగ్లీషు వాక్యం అదే. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. అన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కిందికి వంగి, "ఒక ట్యాంకులో నింపుతాం తల్లీ. నిండాక గాలి ప్రెషర్‌తో బయటికి తోసేస్తాం" అన్నారు.

"బయటికంటే?"

"సముద్రంలోకి."

బయటికొచ్చి ఇసుకలో నిలబడ్డాం. పెద్ద కెరటం ఒకటి వచ్చి విరిగి, నురగతో వెనక్కి జారింది. "బిగ్ ఫ్లష్!" అని అరిచి బై బై చెప్పింది. చెప్పి, చేయి దించి, కాసేపు ఆలోచించి, ఈసారి తెలుగులో అడిగింది. "నాన్నా, మరి మనింట్లోది ఎక్కడికెళ్తుంది?"

ఊళ్ళో గెడ్డల, అదే, మురుగు కాలవల నీళ్ళు ఏ రంగులో ఉంటాయో, అవి ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనిపెట్టాను. ఇంటికొచ్చాక మీ నాలుగు చరణాలూ మళ్ళీ విన్నాను, జవాబేమైనా ఉందేమోనని. లేదు. మీరూ బై బై చెప్పి ఊరుకున్నారు.

ఇట్లు,
సగం లారీ నాన్న