పెద్దత్తయ్యా, కాస్త వెనక సీట్లో కూర్చోండి

నిన్నటి ప్యాంటుకి అంటిన గ్రీజు ఇంకా వదల్లేదు. మా ఆవిడ రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దింది. రుద్దినన్నిసార్లూ ఓ మాట అంది. ఆ మాటలు ఇక్కడ రాయను.

వదిన కూతురి ఓణీల ఫంక్షను. నాగోలు దగ్గర ఓ ఫంక్షన్ హాలు. మా అత్తవారి తరఫు వాళ్లని నా వ్యాన్‌లో తీసుకెళ్లే పని నాకు పడింది. పన్నెండుమంది మనుషులు, పాతిక కేజీల బియ్యం బస్తాలు రెండు, స్టీలు పళ్లేలు, ఓ అరటిగెల. హాలు కింద సెల్లార్ పార్కింగు. ర్యాంపు దగ్గర గొలుసులకి వేలాడుతూ పసుపు బోర్డు: ‘ఎత్తు 7 అడుగులు’. మెల్లగా పోనిచ్చాను. బోర్డుకి తగల్లేదు, దాని వెనకున్న ఎర్ర ఫైరు పైపుకీ తగల్లేదు. అందరూ దిగి లిఫ్టు వైపు వెళ్లారు, సామాను వంటవాళ్లు పట్టుకుపోయారు.

అరగంటకి బావమరిది ఫోను. కాచిగూడలో రైలు దిగాడట. పిల్లకి స్వయానా మేనమామ, అతను తెచ్చే లంగాఓణీ కట్టందే పిల్ల పీట మీద కూర్చోదు. పైగా ఆరు పెట్టెల సారె ఉందట, ఆటోలో పట్టదు.

బండి తీశాను. ర్యాంపు మొదట్లోకి వచ్చానో లేదో, నెత్తిమీద ‘కర్ర్ర్ర్’ మని చప్పుడు.

“సార్ సార్ సార్! ఆపుండ్రి! పైపు పోతది!” అంటూ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. దిగి చూస్తే టాప్ మీది క్యారియర్ వెనక కడ్డీ ఫైరు పైపుని ఒరుసుకుని ఆగింది. వాచ్‌మన్ పైకి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పైకి చూశాడు. “గదే బండి, గదే పైపు. లోపటికొచ్చింది, బయటికెందుకు పోతలేదు సార్?”

న్యాయమైన ప్రశ్న. జవాబు నాకు తెలుసు, అదే నా బాధ.

నెల కిందట టైర్లు మార్పించాను. పాతవి 215/75 ఆర్ 15. షాపు అతను “ఇరవై సైజు పెంచుదాం సార్, మన రోడ్లకి అదే మంచిది, బండి కొంచెం కూడా లేవదు” అని 235/75 వేశాడు. 215, 235 అనేవి టైరు వెడల్పులు, మిల్లీమీటర్లలో. చివరి 15 రిమ్ము కొలత, అంగుళాల్లో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి డెబ్బై అయిదు వంతులు టైరు గోడ ఎత్తు. వెడల్పు పెరిగితే గోడా పెరుగుతుంది. పాత చక్రం నిలువునా 703 మిల్లీమీటర్ల చిల్లర, కొత్తది 733 చిల్లర. అంటే 30 ఎక్కువ. అయితే బండి లేచేది అందులో సగమే, ఎందుకంటే మిగతా సగం ఇరుసుకి పైన ఉంటుంది. సగమంటే 15. (ఇది చాలదన్నట్టు స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు నేను నిజానికి 62 దాటి పోతున్నానట. చలానా వస్తే ఆ షాపుకే పంపిస్తాను.)

అక్కడితో ఊరుకోలేదు. వెనకవైపు బండి కుంగుతోందని ఆటోనగర్‌లో కమాన్ పట్టీల (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) సెట్టుకి ఇంకో పట్టీ వేయించాను. దానివల్ల ఖాళీ బండి వెనక భాగం 35 లేచింది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎత్తు 2050 మిల్లీమీటర్లు. దానికి క్యారియర్ 60 కలపండి. టైర్లు 15, పట్టీ 35. మొత్తం 2160. ఏడడుగులంటే 2134. ఇక ఆ ఫైరు పైపు బోర్డు కంటే కిందకి ఉంది. నిన్న సాయంత్రం టేపు పెట్టి కొలిచాను, 2110. బోర్డు రాసినవాడూ పైపు బిగించినవాడూ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉండరు.

మరి లోపలికెలా వచ్చింది? పన్నెండుమంది బంధువులూ బియ్యం బస్తాలూ కమాన్ పట్టీలని 70 దాకా నొక్కిపట్టారు కాబట్టి. వాళ్లు దిగారు, బండి లేచింది. ఇంత చిన్న సంగతి నేను రావడానికి ముందు ఆలోచించాల్సింది.

ఈలోగా మా తోడల్లుడు వచ్చాడు. వస్తూనే ఫోను తీసి వీడియో పట్టుకుంటూ, “రిమ్ములు పెద్దవి వేయించారా అన్నయ్యా?” అన్నాడు. రిమ్ము పెద్దదైతే ఎత్తు పెరగాలని రూలేం లేదు, రిమ్ము పెంచి టైరు గోడ తగ్గిస్తే చక్రం అంతే ఉంటుంది, బయటి కొలత పెరిగితేనే బండి లేచేదని వివరించాను. ఆ వివరణంతా వీడియోలో ఉంది. పైపు కింద వంగుని, ప్యాంటుకి గ్రీజుతో చెప్పాను.

హాలు మేనేజరుగారు కూడా దిగివచ్చారు. పైపు తక్కువ ఎత్తులో ఉందన్నాను. “వచ్చేటప్పుడు తగల్లేదు కద సార్. అంటే బోర్డు కరెక్టే” అన్నారు. దీనికి ఇప్పటికీ నాకు సమాధానం దొరకలేదు, రాత్రి నిద్రలో కూడా వెతికాను. పైగా ఆ పైపుని సరిగ్గా ర్యాంపు అడుగునే తెచ్చి పెట్టారు. ముందు చక్రాలు వాలు ఎక్కి, వెనక చక్రాలు చదునులో ఉన్నప్పుడు బండి నడిమి భాగం నేలకి ఇంకా దూరమవుతుంది. నేల మీంచి నిలువుగా టేపు పెట్టి కొలిస్తే ఆ సంగతి తెలీదు. ఇది చెబుతుంటే ఆయన తాళాల గుత్తి తిప్పుకుంటూ పైకి వెళ్లిపోయారు.

మిగిలినవి రెండు దారులు. టైర్ల గాలి తీయడం, మనుషుల్ని ఎక్కించడం. గాలి తీస్తే మహా అయితే 15 దిగుతుంది, నాకు కావలసింది 50. అంటే మనుషులు కావాలి.

అందరూ పైన టిఫిన్ల దగ్గరున్నారు. పెసరట్టు పెనం మీంచి అప్పుడే దిగుతోంది. పెసరట్టు ముందున్న బంధువుని సెల్లార్‌కి పిలవాలంటే ఎంత దగ్గరి చుట్టరికం కావాలో మీరే ఊహించుకోండి. తోడల్లుడు సాయం చేస్తానని మైకు కుర్రాడికి చెప్పాడు. సన్నాయి ఆగింది. “వ్యాన్‌లో వచ్చిన బంధువులందరూ వెంటనే కింద సెల్లార్‌కి రావాలని కోరుచున్నాము” అన్నాడు ఆ కుర్రాడు. అక్కడితో ఆపితే బాగుండేది. “బరువు కోసం” అని కలిపాడు.

తొమ్మిదిమంది వచ్చారు. చిన్నబావ చేతిలో ప్లేటుతోనే వచ్చాడు. ఆయన బరువు 85 అని ఇంట్లో అందరికీ చెప్పుకుంటాడు. అవసరం నాది కాబట్టి నిజం చెప్పమన్నాను. చెవిలో “96” అన్నాడు, అల్లం పచ్చడి వాసనతో. అంత సంతోషం నాకు మా పెళ్లిరోజున కూడా కలగలేదు. బక్కపల్చటి బాబాయిని నేను పేరు పెట్టి పిలవలేదు, దానికి ఆయన అలిగి గోడకి ఆనుకున్నాడు. “మేం పనికిరామా?” అన్నాడు. పనికొస్తారు బాబాయ్, ఎక్కండి అంటే, వద్దులే అన్నాడు. పిల్లలు ఆరుగురు పిలవకుండానే ఎక్కారు. ఆరుగురూ కలిపి ఒకటిన్నర బావ.

చిక్కంతా సీట్ల దగ్గర వచ్చింది. కమాన్ పట్టీలున్నది వెనక ఇరుసు మీద, తగులుతున్నదీ వెనక కడ్డీయే. బరువంతా ఆఖరి సీట్లో ఉండాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లని ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చోబెడతాం. మా అత్తగారి అక్క, పెద్దత్తయ్య, మనిషి భారీ, మనసు ఇంకా భారీ, వచ్చేటప్పుడు ముందు సీట్లోనే వచ్చారు. వెనక కూర్చుంటే ఆవిడకి వాంతులు.

“పెద్దత్తయ్యా, కాస్త వెనక సీట్లో కూర్చోండి.”

“బండి కదిల్తే నాకు తిప్పుతుంది నాయనా.”

“పది అడుగులే అత్తయ్యా.”

“పది అడుగుల దూరానికి మీరంతా నడవచ్చుగా?”

మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. టైరు గోడ, ఇరుసు, పట్టీ, అన్నీ. ఆవిడ పూర్తిగా విన్నారు. “అంటే నేను కూర్చుంటే బండి కుంగుతుందంటావు” అన్నారు. సెల్లార్‌లో ఒక్కసారిగా నిశ్శబ్దం. చిన్నబావ పెసరట్టు నమలడం కూడా ఆపేశాడు. మా ఆవిడ మొహం వైపు నేను చూడలేదు. పెద్దత్తయ్య కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పిన్నీసు సర్దుకుని, నెమ్మదిగా ఎక్కి ఆఖరి సీటు మధ్యలో కూర్చున్నారు. బండి వెనక ‘కిర్ర్’ మని మూలిగింది. వాచ్‌మన్ స్టూలెక్కి, పైపుకీ కడ్డీకీ మధ్య చూసి, “వచ్చింది వచ్చింది, ఇంకొంచెం!” అని అరిచాడు. “ఇంకొంచెం” అన్నప్పుడు ఆవిడ అతన్ని చూసిన చూపుకి అతను స్టూలు దిగేశాడు.

నాలుగు టైర్లలోనూ పుల్ల పెట్టి గాలి వదిలాను. పైపుకీ కడ్డీకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు. ఫస్టు గేరు. అందరూ ఊపిరి బిగబట్టారు. (ఊపిరి వదిలితే బరువు తగ్గదని తర్వాత గుర్తొచ్చింది.) బయటికొచ్చాం.

తర్వాత పంక్చర్ షాపుకి, అక్కణ్నుంచి కాచిగూడకి వెళ్లాను, ఆలస్యంగానే వచ్చాను. ముహూర్తం సంగతి అడక్కండి. వ్యాన్ మాత్రం రాత్రి వరకూ రోడ్డు మీదే ఉంచాను.

పొద్దున పెద్దత్తయ్య ఫోన్ చేశారు. సారె చీరలు బాగున్నాయన్నారు, పెసరట్టు చల్లారిపోయిందన్నారు. కాసేపాగి గొంతు తగ్గించి, “ఇంతకీ నాయనా, నా ఒక్కదాని వల్లా ఎంత దిగింది?” అని అడిగారు.

సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. మళ్లీ మోగుతోంది.