వెయ్యి చేపల విందు

హ్యూస్టన్ ఊరవతల మేం కొన్న ఇంటి వెనక అరెకరం చెరువుంది. దాన్ని చూసే ఇల్లు కొన్నానని మా ఆవిడ దెప్పుతుంది, నిజమే. అందులో లార్జ్‌మౌత్ బాస్ చేపలున్నాయి. కానీ గాలానికి ఏది పడినా జానెడు మీద రెండు వేళ్లే. తల మాత్రం ఇంతుంటుంది, వెనక ఒళ్లు ఎండిన బెండకాయలా వేలాడుతుంది. 1992లో లేక్ ఫోర్క్‌లో పడిన 18.18 పౌండ్ల బాస్ టెక్సాస్ రికార్డు. మావి పద్దెనిమిది కలిపి తూచినా అంత తూగుతాయో లేదో.

పక్కింటి పెద్దాయన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "తిండి లేదు వీటికి. పౌండు కండ పట్టాలంటే పది పౌండ్ల చిన్న చేపలు తినాలి" అన్నాడు. ఆ తర్వాత కూడా ఏదో చెబుతున్నాడు గానీ, నేనప్పటికే ఫోన్లో చేపల ట్రక్కు ఎప్పుడొస్తుందో వెతుకుతున్నాను.

మార్చిలో ఓ శనివారం దాణా కొట్టు ముందుకి ఆ ట్రక్కు వచ్చింది. పాల వ్యాను దగ్గర నిలబడ్డట్టు వరసలో నిలబడి వెయ్యి ఫ్యాట్‌హెడ్ మిన్నోలు కొన్నాను. రెండంగుళాల చేపలు. పేరుకి అర్థం మొద్దుబుర్ర. అది చేపకి పెట్టిన పేరో, కొన్నవాడికి పెట్టిందో సాయంత్రానికి గాని తేలలేదు. ఆక్సిజన్ నింపిన కవర్లని కార్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టి, పెళ్లికూతురిని తెచ్చినట్టు తెచ్చాను.

అప్పుడు మా మావగారు ఆర్నెల్ల వీసా మీద మా ఇంట్లో ఉన్నారు. కైకలూరు వైపు ముప్ఫై ఏళ్లు చేపల చెరువులు చేసిన మనిషి. కవర్లు చూడగానే ఒకటే ప్రశ్న:

"చెరువు ఎండగట్టారా అల్లుడుగారూ?"

"ఎందుకండీ?"

"కొర్రమీనులు లోపలుండగా సీడు వదలరు కదండీ మరి."

"ఇవి కొర్రమీనులు కాదు మావయ్యగారూ, బాస్‌లు. వాటికోసమే ఇవి" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా లుంగీ సర్దుకుని గట్టు మీద కూర్చున్నారు. సినిమా మొదలవబోయే ముందు కూర్చుంటారే, అలాగ.

నీళ్ల చల్లదనం అలవాటు పడాలని కవర్లు ఇరవై నిమిషాలు చెరువులో తేలేశాను. ఆ ఒక్క పనికి మావగారు తలూపారు. తర్వాత మూతులు విప్పాను. నా ప్లాన్ ప్రకారం ఇవి చెరువంతా పరుచుకుని, గుడ్లు పెట్టి, లక్షలవ్వాలి. అవేమో ఎయిర్‌పోర్టులో సామాను కోసం నిలబడ్డవాళ్లలా ఒడ్డునే గుంపు కట్టి దిక్కులు చూశాయి. అసలే ఈ చేపకి ఈత నెమ్మది.

ముందు ఒక్క 'గుబుక్'. తర్వాత నూనెలో పూరీలు పొంగినట్టు చెరువంతా లేచింది. వెయ్యి చేపలు పావుగంటకి రాలేదు. మా అమ్మాయి చప్పట్లు కొట్టి, "మళ్లీ చెయ్యి నాన్నా!" అంది.

హడావుడికి పక్కింటాయన కంచె దగ్గరికొచ్చి, ఆ రోజు నేను వినని రెండో సగం అప్పుడు చెప్పాడు. ఫ్యాట్‌హెడ్‌లు కొత్త చెరువుకట, బాస్‌లు వేయకముందు వదలాలట. మా చెరువుకైతే ముందు ఈ బక్కవాటిని పట్టి తినేయాలి, తర్వాత ఎండాకాలమంతా పిల్లలు పెట్టే బ్లూగిల్‌లు వేయాలి. మావగారికి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ చెరువు వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసుకుని చక్కగా ఒక అభిప్రాయానికొచ్చారు.

మధ్యాహ్నం ఆఫీసు ఫ్రెండు ఫోన్ చేసి గొంతలా ఉందేమన్నాడు. "డబ్బంతా పోయిందిరా, బాస్ తినేశాడు" అన్నాను. వాడు గొంతు తగ్గించి, "ఇంక్రిమెంట్లు దగ్గరికొచ్చాయి, ఫోన్లో ఇలాంటివి అనకు" అన్నాడు.

చీకటి పడకముందే మావగారు గాలంతో నాలుగు పట్టారు. పులుసుకి మా ఆవిడ చింతపండు నానేసింది. పాత పేపరు పరిచి చేపల కడుపులు కోస్తూ ఆయన నన్ను పిలిచారు. ఒక్కొక్క పొట్టలోంచి నా మిన్నోలని తీసి, వరసగా పేర్చి, వేలితో లెక్కపెట్టారు.

"పదకొండు తిరిగొచ్చాయండి అల్లుడుగారూ. మిగతా తొమ్మిది వందల ఎనభై తొమ్మిదీ రేపు చూద్దాం."