పద్దులో రాయని గరాటు

విశాఖపట్నం సీతమ్మధారలో మా ఫ్లాటుకూ పక్క ఫ్లాటుకూ మధ్య ఉన్నది నాలుగంగుళాల గోడ. పైగా రెండు వంటిళ్ల కిటికీలూ ఒకే గాలిసందులోకి తెరుచుకుంటాయి కనుక, అవతలి దంపతుల మాటలు నా చెవిన పడడంలో నా ప్రయత్నమేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆయన పోర్టులో పని చేసి రిటైరయ్యారు. ఆవిడ ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మొన్న ఆదివారం వాన ముసురు పట్టగానే బజ్జీలు వేసుకోవాలని ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. అది వారింట అరుదు. అంతలో నూనె నిండుకుందని తేలింది.

ఆవిడ: లీటరు వేరుశనగ నూనె ఫోనులో ఆర్డరు పెట్టేశాను. పది నిమిషాల్లో తెస్తాడట. ఈలోగా మీరు ఆ అరటికాయలు తరగండి.

ఆయన: లీటరు నూనె కోసం ఎవరో కుర్రవాడు వానలో తడుస్తూ బండి మీద పరుగెత్తుకు రావాలా? వీధి చివర కొట్టు ఉన్న రోజుల్లో గొడుగు వేసుకొని వెళ్లి, నాలుగు మంచి మాటలు మాట్లాడి, నూనెతో పాటు ఊళ్లో కబుర్లు కూడా తెచ్చుకొనేవాళ్లం.

ఆవిడ: కబుర్లు తెచ్చి నూనె మరిచిపోయి వచ్చిన రోజులే ఎక్కువ. అయినా ఆ కొట్టు ఇప్పుడెక్కడుందండీ? అక్కడ సెల్‌ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. నూనె అడిగితే పోస్తారేమో వెళ్లి కనుక్కోండి.

ఆయన: నువ్వు వేళాకోళం చేస్తావని తెలుసు. కొట్టు అంటే కొనేవాళ్లకు తెలిసేది ఒకటి, అందులో పని చేసినవాడికి తెలిసేది మరొకటి. అల్లిపురంలో నీలమ్మ వేపచెట్టు దగ్గర కిరాణా కొట్టులో నేను మూడు వేసవులు పని చేశాను. పూర్ణా మార్కెట్టు నుంచి రిక్షాలో సరుకు దిగితే బస్తాలు లెక్క పెట్టుకొని దింపించింది నేనే.

ఆవిడ: ఈ మూడు వేసవుల కథ పెళ్లయిన దగ్గర నుంచీ వింటున్నాను. ఆ లెక్కన ఇప్పటికి ముప్పై వేసవులు అయి ఉండాలి.

ఆయన: విను. నేటి కుర్రవాళ్లకు పొట్లం కట్టడం వచ్చా? కాగితాన్ని మూలగా పట్టుకొని, ఎడమచేతి బొటనవేలి చుట్టూ తిప్పి, కొన లోపలికి మడిచి, పావుకిలో పప్పు పోసి, పైన మూడు మడతలు వేసి, పైకప్పుకు వేలాడే డబ్బా చిల్లులోంచి పురికొస లాగి, అడ్డంగా రెండు చుట్లు, నిలువుగా ఒక చుట్టు తిప్పి, వేలికి మెలిపెట్టి ఒక్క గుంజు గుంజితే ఫట్టున తెగేది. కత్తెర పట్టినవాణ్ణి చూసి సావుకారు గారు నవ్వేవారు.

(ఇక్కడ కాగితం చించిన చప్పుడూ, కాసేపటికి నేల మీద కందిపప్పు జలజలా రాలిన చప్పుడూ వినిపించాయి.)

ఆవిడ: పావుకిలో పప్పు పోసి అన్నారు. నేల మీద పోస్తారని చెప్పలేదు.

ఆయన: అది నా తప్పు కాదు. ఈ రంగుల కాగితం నున్నగా జారిపోతుంది. ఆనాటి పేపరు వేరు, అది మడత పెడితే మడతలోనే ఉండేది. ఆనాటి మనుషుల లాగే.

ఆవిడ: ఆనాటి మనుషుల సంగతి నాకూ తెలుసు. మా నాన్నగారు సరుకులు ఇంటికి తెచ్చాక మళ్లీ తూచేవారు. కిలోకు యాభై గ్రాములు తక్కువ లేకుండా ఒక్క నెలా గడవలేదు. తక్కెడ పళ్లెం కింద చింతపండు ముద్ద అంటించే విద్య మీ విశ్వవిద్యాలయంలో ఎన్నో రోజున నేర్పేవారు?

ఆయన: మా కొట్టులో అలాంటివి లేవు. పైగా మేము కొసరు వేసేవాళ్లం. తూకం సరిపోయి ముల్లు నిలిచాక కూడా గుప్పెట్లోంచి మరికాస్త రాల్చి, చంటిపిల్లవాడు వెంట ఉంటే వాడి చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టేవాళ్లం. ఆ ఫోనులో కొసరు అడుగు, చూద్దాం.

ఆవిడ: యాభై గ్రాములు తీసి పది గ్రాములు కొసరు వేస్తే నలభై గ్రాముల లాభం, దాని మీద మంచివాడన్న పేరు ఉచితం. మా క్లాసులో ఈ లెక్క ఆరో తరగతికే ఇచ్చేదాన్ని.

ఆయన: లెక్కలు నాకు చెప్పకు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. దేశమంతటా కిలోలే వాడాలన్న నిబంధన 1962 నాటికే వచ్చేసినా, మా ముసలమ్మలు వీశెడు బెల్లం, వీశెడు చింతపండు అనే అడిగేవారు. వీశె అంటే కిలో నాలుగు వందల గ్రాములని మనసులోనే మార్చుకొని, అనకాపల్లి నుంచి వచ్చిన బెల్లం దిమ్మను ఒక్క దెబ్బతో సరిగ్గా ఆ బరువుకే పగలగొట్టేవాణ్ణి.

ఆవిడ: ఆ దెబ్బకు రాలిన పొడి ఎవరి నోట్లోకి వెళ్లేదో కూడా చెప్పండి. మీ సుగరుకు మూలం ఎక్కడుందో డాక్టరు గారికి ఇప్పటికైనా తెలుస్తుంది.

ఆయన: సరే, నవ్వుకో. హుద్‌హుద్ తుపాను నాడు నువ్వు నవ్వావా? 2014 అక్టోబరు 12న ఆ గాలికి ఊళ్లో చెట్లన్నీ పడిపోయి, కరెంటు లేక, ఫోన్లు మూగబోయి, కార్డు గీకే యంత్రాలు పని చేయక పెద్ద పెద్ద దుకాణాల వాళ్లు చేతులెత్తేస్తే, వీధి చివరి కొట్టు మాత్రం కొవ్వొత్తి వెలుగులో తలుపు తీసి, ఖాతా పుస్తకంలో పద్దు రాసుకొని, మనకు బియ్యం, పప్పు, అగ్గిపెట్టెలు ఇచ్చింది. మన ముఖం చూసి ఇచ్చింది.

ఆవిడ: ఇచ్చిన మాట నిజమే, కాదనను. పాల ప్యాకెట్టుకు రెట్టింపు ధర కూడా ఆ ముఖం చూసే వేశారు.

ఆయన: ఆ ధరకైనా అక్కడ పాలు దొరికాయి కదా!

(దీనికి ఆవిడ బదులు చెప్పలేదు. ఈ ఒక్క విషయంలో నా ఓటు ఆయనకే. ఆ వారం నేను కూడా అదే కొట్టు ముందు వరుసలో నిలబడ్డాను. అయితే ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.)

ఆయన: పదిహేనేళ్ల వయసులో చేసిన ఆ పని నాకు నేర్పింది అంతా ఇంతా కాదు. నెలకు ఇరవై రూపాయల జీతం. 1975లో ఇరవై రూపాయలంటే మాటలా? మొదటి సంపాదన పన్నెండు రూపాయల యాభై పైసలు తెచ్చి మా అమ్మ చేతిలో పెడితే ఆవిడ కళ్ల నీళ్లు పెట్టుకుంది.

ఆవిడ: ఆగండి. నెలకు ఇరవై అన్నారు కదా, పన్నెండున్నర ఎందుకు ఇచ్చారు?

ఆయన: అది... అప్పుడు చిల్లర కొరత.

ఆవిడ: చిల్లర కొరతకు ఏడున్నర రూపాయలు పోవు. ముప్పై రోజులకు ఇరవై రూపాయలైతే, పన్నెండున్నర రూపాయలకు పద్దెనిమిది రోజుల ముప్పావు. మూడు వేసవుల్లో మిగతా రెండు వేసవులకూ జీతం ఎంత?

ఆయన: ఆ రెండు వేసవులూ... రోజూ ఆ కొట్టు ముందు నుంచి నడిచి వెళ్లేవాణ్ణి.

ఆవిడ: అంటే పద్దెనిమిది రోజుల ముప్పావు ఉద్యోగాన్ని ఇన్నేళ్లుగా మూడు వేసవులని చెప్పారన్నమాట. పోనీయండి, వడ్డీ కలిసిందనుకుంటాను. ఆ పందొమ్మిదో రోజున ముప్పావు వరకే పని ఎందుకు చేశారు?

ఆయన: ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు వరకు పని. ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకు సావుకారు గారు నన్ను ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నారు.

ఆవిడ: ఎన్నాళ్లు తీసుకోమన్నారు?

ఆయన: అది ఆయన స్పష్టం చేయలేదు. అసలు తప్పు నాది కాదు. కొట్టు వెనక వసారాలో ఒక పక్క కిరసనాయిలు డ్రమ్ము, ఒక పక్క నూనె డబ్బాలు ఉండేవి. దేని గరాటు దానికి వేరుగా ఉండేది. ఆ వేళ ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న రెండు జడల పిల్ల ఒకతె, ఒక చేతిలో మెడకు తాడు కట్టిన కిరసనాయిలు సీసా, రెండో చేతిలో నూనె సీసా పట్టుకొని వచ్చి, తొందరగా, తొందరగా అంటూ గడప మీద గెంతడం మొదలుపెట్టింది. ఆ కంగారులో కిరసనాయిలు పోసిన గరాటునే తీసి నూనె సీసాలో పెట్టాను. పిల్ల వెళ్లిపోయాక గాని సావుకారు గారు చూడలేదు. అంతా ఆ పిల్ల తొందర వల్ల వచ్చింది.

(గాలిసందులో పావురాలు రెక్కలు కొట్టుకున్న చప్పుడు తప్ప చాలాసేపు ఏమీ వినిపించలేదు. నేను కూడా స్టవ్వు కట్టేశాను. నా వంట చప్పుడు వారికి అడ్డు రాకూడదు కదా.)

ఆవిడ: అది మే నెలేనా?

ఆయన: వేసవి సెలవులు కదా, మే నెలే అయి ఉంటుంది. నీకెందుకు?

ఆవిడ: ఆ రోజు అయిదు గంటలకు మా అక్కకు పెళ్లిచూపులు. మగపెళ్లివారు వచ్చేస్తున్నారు, బజ్జీలకు నూనె చాలదని మా అమ్మ నన్ను రెండు సీసాలూ ఇచ్చి పరుగెత్తించింది. తొందరగా రాకపోతే కాళ్లు విరగ్గొడతానని కూడా చెప్పింది. నేను గడప మీద గెంతింది సరదాకు కాదు.

ఆయన: నువ్వా! ఆ రెండు జడల...

ఆవిడ: పెళ్లికొడుకు తండ్రి మొదటి బజ్జీ కొరికి, రెండోది వాసన చూసి, మంచినీళ్లు అడిగి, మంచిరోజు చూసి కబురు చేస్తామని లేచారు. ఆ మంచిరోజు ఇప్పటికీ రాలేదు. సీసాలు తారుమారు చేశానని మా అమ్మ చీపురుకట్ట తిరగేసింది. నేను చేయలేదు, చేయలేదని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. మా అమ్మ పోయేదాకా ప్రతి పండక్కీ మూకుడు పొయ్యి మీద పెట్టగానే, దాన్ని మాత్రం నూనె దగ్గరికి రానివ్వకండి అనేది. కోడళ్ల ముందు కూడా అనేది.

ఆయన: అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. మన పరిచయం పెళ్లికి తొమ్మిదేళ్ల ముందే జరిగిందన్నమాట.

ఆవిడ: మాట మార్చకండి. మా అక్కకు ఫోను చేస్తున్నాను.

(ఫోను స్పీకరులో పెట్టారు. పక్కింటివారి సౌకర్యం చూసేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు?)

ఆవిడ: అక్కా, యాభై ఏళ్ల కిందటి దొంగ దొరికాడే! నూనెలో కిరసనాయిలు కలిపింది నేను కాదు. మీ మరిదిగారే. తన నోటితోనే ఒప్పుకున్నారు.

అక్క: ఎవరు, మన ఇంటి అల్లుడే? అయ్యో రాత! ఆ సంబంధం కుదిరి ఉంటే నేను రైల్వే వాళ్ల ఇంటి కోడలినై దేశమంతా పాసుల మీద తిరిగేదాన్ని. ఆ గరాటు పుణ్యమా అని వచ్చే ఏడాది మీ బావగారిని కట్టబెట్టారు. సింహాచలం కొండ దాటించి ఎక్కడికైనా తీసుకువెళ్లమని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. ఏదీ, అతనికి ఇవ్వు.

ఆయన: వదినగారూ, ఆ రోజు కొట్టులో రద్దీగా ఉంది. మీ చెల్లెలు కూడా కాస్త...

అక్క: రద్దీ సంగతి తరువాత. ముందు నా రైలు పాసుల లెక్క తేల్చండి. ఉండండి, మీ తోడల్లుడు ఫోను లాక్కుంటున్నారు.

బావగారు: ఏమయ్యా, నేను పక్కనే ఉండి అంతా విన్నాను. ఆ గరాటు పట్టింది నువ్వేనా?

ఆయన: అవునండీ అన్నయ్యగారూ. పదిహేనేళ్ల కుర్రతనం, కంగారులో జరిగిపోయింది.

బావగారు: (గొంతు బాగా తగ్గించి) ఒక్క నిమిషం కంగారు పడకుండా నీళ్లతో తొలిచి ఉంటే, నేను ఎంత సుఖంగా ఉండేవాణ్ణయ్యా!

(అంతలో గంట మోగింది. నూనె తెచ్చిన కుర్రవాడు, తడిసి ముద్దై, పది నిమిషాలకు అరగంట ఆలస్యమైనందుకు క్షమించమంటున్నాడు. ఆయన తలుపు దగ్గరకు వెళ్లి తువ్వాలు ఇచ్చి, టీ తాగి వెళ్లమని బలవంతం చేసి, పని ఎలా ఉంది బాబూ, జీతం కోత పెడుతున్నారా అని ఆరా తీయసాగారు. వంటింట్లో ప్యాకెట్టు మూల కత్తిరించిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత, చాలా పొడుగ్గా, ఎవరో గాలి లోపలికి పీల్చి వాసన చూసిన చప్పుడు.)

ఆవిడ: ఏమండీ, ఆ అబ్బాయికి టీ నేనే పోస్తాను. మీరు వంటింట్లోకి రాకండి.