ఫ్రీ ట్రేడ్ హాలు వర్తకులది మాత్రమే కాదు
మాంచెస్టర్‌లోని ఫ్రీ ట్రేడ్ హాలు మిల్లు యజమానులు తమ విజయానికి కట్టుకున్న స్మారకం మాత్రమేనన్న వ్యాసకర్త అభిప్రాయంతో ఏకీభవించలేను. ధాన్యం దిగుమతి సుంకాల రద్దుకు గుర్తుగా 1853-56 మధ్య దానిని కట్టిన మాట నిజమే. ముఖభాగంపై చెక్కిన బొమ్మలలో వాణిజ్యం, పరిశ్రమ, వ్యవసాయం ఈనాటికీ కనిపిస్తాయి. అయితే 1862 డిసెంబరు 31న కార్మికులు అదే హాలులో సమావేశమై, బానిసత్వ నిర్మూలనకు మద్దతు తెలుపుతూ అమెరికా అధ్యక్షుడు లింకన్‌కు లేఖ పంపిన సంగతిని వ్యాసం ప్రస్తావించకపోవడం పెద్ద లోటు. అమెరికా అంతర్యుద్ధంలో లింకన్ ప్రభుత్వం విధించిన దక్షిణాది రేవుల దిగ్బంధంతో పత్తి రాక తగ్గిపోయి, మిల్లులు మూతబడి, మాంచెస్టర్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు కార్మిక కుటుంబాలు పస్తులుంటున్న రోజులవి. మన కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతులు ఊపందుకున్నదీ ఆ కొరత వల్లనే. లాంకషైర్ అంతా ఒకే మాట మీద లేదు, కానీ ఆ రాత్రి అక్కడ చేరినవారు తమ పూట గడవకపోయినా దిగ్బంధాన్ని ఎత్తివేయమని అడగలేదు. లింకన్ 1863 జనవరిలో వారికి జవాబు రాశారు. ఆ నగరంలో ఉద్యోగం చేసిన కాలంలో, ఇప్పుడు హోటలుగా మారిన ఆ భవనం గోడకున్న ఎర్రని ఫలకాన్ని ఎన్నోసార్లు ఆగి చదివాను. 1819 ఆగస్టు 16న, తర్వాత ఈ హాలు వెలసిన మైదానంలోనే, ఓటు హక్కు కోరిన జనంపై ఆశ్వికదళం విరుచుకుపడి 15 మందిని బలిగొన్నదని అందులో ఉంది. 2007 వరకు అక్కడున్న నీలి ఫలకం మరణాల ఊసే ఎత్తకుండా, సైన్యం సభను చెదరగొట్టిందని మాత్రమే చెప్పేది. వ్యాసంలోనూ ఈ రెండు సభలకు చోటు కల్పించాలని సవినయంగా కోరుతున్నాను.