తొండం కనిపించిందా?

గుహలో ఏనుగు నాకు కనిపించలేదు. ఈ నేరాన్ని పాఠకుల ముందు ఒప్పేసుకుంటున్నాను.

మొత్తం నలభై మందిమి. గైడు టార్చిలైటును ఒక సున్నపురాతి ముద్ద మీద ఆడిస్తూ ‘‘ఇది చెవి, ఇది తొండం, అదిగో తోక’’ అన్నాడు. ముప్పై తొమ్మిది నోళ్లు ‘‘ఆహా’’ అన్నాయి. నేను కళ్లజోడు తుడుచుకున్నాను, మెడ వంచాను, నడుము వంచాను. రాయే కనిపించింది. ‘‘కాస్త ఎడమకు జరగండి, వస్తుంది’’ అని ఒక పెద్దాయన ధైర్యం చెప్పారు. జరిగాను. ఎవరిదో కాలు తొక్కాను. ఏనుగు రాలేదు. ఇంతలో ఒక చిన్నపిల్ల ‘‘ఏనుగు కాదు, పంది’’ అంది. సభలో కలకలం. తొండం పొడవు మీద వాదన మొదలైంది. ఒకాయన కాళ్లు లెక్కపెట్టి మూడే ఉన్నాయని తేల్చారు. నాలుగోది వెనక ఉందని గైడు హామీ ఇచ్చాడు. ఏనుగు పక్షం, పంది పక్షం పావుగంట పోరాడి, ఎడమ నుంచి చూస్తే ఏనుగు, కుడి నుంచి చూస్తే పంది అని సంధి చేసుకున్నాయి.

భూమి మీద ఏనుగులకు కరువొచ్చినట్టు, ఇన్ని మెట్లు దిగి వెతకడం ఎందుకో! ఏ సున్నపు గుహకు వెళ్లినా ఇదే జంతు ప్రదర్శన: మొసలి, పడగ విప్పిన పాము, మార్పు కోసం ధ్యానంలో ఒక ముని. ఒక్కొక్కరికి ఒక్కో రంగు బల్బు. మొసలికి ఆకుపచ్చ. బల్బు వెలుగు సోకిన రాళ్ల మీద నిజంగానే నాచు పెరుగుతుంది కనుక, కొన్నాళ్లకు మొసలికి ఆ రంగు బల్బుతో పని ఉండదు. ఖర్చు ఆదా.

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో కనీసం ఎద్దులు ఎద్దుల్లాగే ఉంటాయి. వేల ఏళ్ల కిందటి మనిషి గీసినవి, ఎటు నుంచి చూసినా పందులు కావు. 1948లో జనానికి తలుపులు తీశారు. జనం చేసిన పాపం ప్రధానంగా ఊపిరి వదలడమే. ఆ ఆవిరికీ, బొగ్గుపులుసు వాయువుకూ, దీపాలకూ గోడలు పాడవుతుంటే 1963లో మూసేశారు. మనం ఊపిరితో సరిపెట్టుకునే రకం కాదు.

ఏనుగు తొండాన్ని ప్రతివారూ పట్టుకుని ఫొటో దిగారు. అది ఇప్పటికే మెట్ల కమ్మీలా నల్లగా, నున్నగా తయారైంది. చేతి జిడ్డు అంటిన చోట కొత్త సున్నం సరిగా పట్టదు. తర్వాత ఒక కుర్రాడు చెయ్యి చాచి, కప్పు నుంచి వేలాడుతున్న పెన్సిలంత రాతి ఊడను టప్పున విరిచి జేబులో వేసుకున్నాడు. గుర్తుగానట! ఒరే అబ్బాయీ, చాలా గుహల్లో అది ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. నీ జేబులో ఉన్నది వెయ్యేళ్ల పని. వారం తిరక్కుండా దాన్ని చెత్తలో పారేస్తావు. ఎవరిచ్చారు నీకు ఆ హక్కు? ఒక్కరైనా ఆ చెయ్యి పట్టుకోలేదేమి? అందరూ మొసలి దగ్గర ఉన్నారు. నేనూ గొంతు సవరించుకోవడం తప్ప చేసిందేమీ లేదు, ఆ సిగ్గు వేరే.

గుహ మీద అడవి ఉంది. దాని వైపు ఎవరూ తల తిప్పలేదు. అక్కడ కురిసిన వాన, వేళ్ల మధ్య మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులిసి, రాతిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు ఎగిరిపోయి, వెంట్రుకంత మందం కూడా లేని సున్నం పొర మిగులుతుంది. ఏనుగైనా, పందైనా తయారయ్యేది ఇలాగే.

సరిగ్గా అప్పుడే నా నెత్తిన ఒక చుక్క పడింది. ‘‘ఇదేమిటి?’’ అని గైడును అడిగాను, ఏనుగు సంగతి ఎలాగూ తేలలేదు కనుక ఇదైనా చెబుతాడని.

‘‘లీకేజీ సార్,’’ అన్నాడు నొచ్చుకుంటూ. ‘‘ఇదివరకు ఇంకా ఎక్కువగా ఉండేది. పైన చెట్లు కొట్టేసి పార్కింగుకు సిమెంటు వేశాక చాలావరకు ఆగిపోయింది.’’